రొట్టెల బండి

ఆటో దిల్‌సుఖ్‌నగర్ సందులోకి తిరిగి ఆగగానే పట్టాభి ముందుగా దిగాడు. వెనక కట్టిన చక్రాల కుర్చీని విప్పి, నేల మీద పెట్టి, బ్రేకు నొక్కి, చుట్టూ చూశాడు. ఇలా చూడటం అతనికి అలవాటైపోయింది. భార్య సీతామహాలక్ష్మి కాళ్లు మాట వినడం మానేసినప్పటి నుంచి అతను ఏ వీధిలో దిగినా ముందు జనం భుజాలే చూస్తాడు. ఈ భుజం పనికొస్తుందా, ఆ భుజం పనికొస్తుందా అని.

ఆటో డ్రైవరుకు అంత ఓపిక లేదు. "జర జల్దీ కానియ్యి సార్, ఎనక బండ్లాగినయ్" అని, పక్కనున్న పాన్‌డబ్బా వైపు చెయ్యి ఊపాడు. "అన్నా, జర ఒక చెయ్యెయ్యవా?"

పాన్‌డబ్బా అతను సున్నం అంటిన చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చాడు. మంచివాడే, ఎవరు పిలిచినా వస్తాడు. వచ్చి, ఒక్క మాట లేకుండా సీత చంకల కింద చేతులు దూర్చాడు. డ్రైవరు కాళ్లు పట్టుకున్నాడు. పట్టాభి నడుము పట్టుకున్నాడు. ఎత్తారు. చీర మోకాళ్ల మీదికి పోయింది, పైట జారింది. పక్క మేడ మెట్లు దిగుతున్న పిల్లలు ఆగి చూశారు. "మస్తు బరువున్నదన్నా" అన్నాడు డ్రైవరు పళ్లు బిగించి. అతని మనసులో ఏ చెడూ లేదు. బస్తా మోసేవాడు బస్తా బరువు గురించి అన్నట్టే అన్నాడు.

కుర్చీలో కూర్చున్నాక కూడా సీత ఏమీ అనలేదు. పట్టాభికి అదే భయం వేసింది. మామూలుగా అయితే ముగ్గురికీ ఒక్కొక్కటి తగిలించేది. ఇవాళ పైట సర్దుకుని ఎదురు షాపు వైపు చూస్తూ ఉండిపోయింది.

అక్కడ ఒక చిన్న వ్యాన్‌లోంచి ఫ్రిజ్ దింపుతున్నారు. వెనక తలుపులు రెండూ బార్లా తెరిచారు. పలక వాల్చారు. చక్రాల తోపుడుబల్ల మీద ఫ్రిజ్‌ను నిలబెట్టి, మెత్తటి బొంత చుట్టి, ఒకడు ముందు, ఒకడు వెనక, అంగుళం అంగుళం కిందికి జరుపుతున్నారు. "నెమ్మదిగ రానియ్యి. గీత పడ్తే సేటు తోలు తీస్తడు" అంటున్నాడు ఒకడు.

"చూశారా" అంది సీత చివరికి.

"ఏమిటి?"

"దాన్ని ఎవరూ చంకల కింద పట్టుకోలేదు."

ఆ రోజంతా ఆమె తమ టైలరింగ్ షాపులో కటింగ్ బల్ల దగ్గర కత్తెర ఆడిస్తూనే ఉంది. బతుకమ్మ పండగ ముంచుకొస్తోంది, జాకెట్ల గుట్ట రోజురోజుకీ పెరుగుతోంది. మెషీను మీద కూర్చునే అరుణ కుట్టగలదు గానీ కత్తిరించలేదు. సీత రాని రోజు షాపు సగం మూసినట్టే. పట్టాభి పనిచేసే కోచింగ్ సెంటరుకు తెలంగాణ సమ్మె మూలంగా తాళం పడింది కాబట్టి అతను రోజూ తోడు వస్తున్నాడు. సాయంత్రం మళ్లీ అదే ఆటో తంతు, మళ్లీ భుజాలు. ఎల్బీనగర్‌లో ఇల్లు చేరాక సీత చెప్పేసింది.

"రేపటి నుంచి నేను షాపుకు రాను. నన్ను ఎవరూ ఎత్తకుండా తీసుకెళ్లగలిగిన రోజున వస్తాను."

"అదెలా కుదురుతుంది?"

"ఫ్రిజ్‌కు కుదిరింది కదా. అలాంటి వ్యాన్ కొందాం."

పట్టాభి నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. చీటీ పాడిన డబ్బు కారు కోసమని దాచుకున్నదే. కారు అనుకున్నది తను. ఆమె ఎప్పుడూ ఊఁ అనలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

*

పాత బండ్లు అమ్మే యార్డు ఇంటికి దగ్గరే. సీత కుర్చీ చక్రాలు తనే తోసుకుంటూ సర్వీసు రోడ్డు మీద వెళ్లింది. బస్సులు లేని హైవే ఎవరో ఊడ్చిపెట్టినట్టు బోసిగా ఉంది. సమ్మె మొదలైనప్పటి నుంచి ఆ రోడ్డు మీద ఊరేగింపులే తప్ప ట్రాఫిక్ లేదు.

యార్డు బ్రోకరు పట్టాభికి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. "ఏం లోడ్ వేస్తరు సార్? కూరగాయలా, సిమెంటా?"

"నన్ను" అంది సీత.

బ్రోకరు ఆమె వైపు చూసి, మళ్లీ పట్టాభి వైపే తిరిగాడు. "గట్లయితే మంచి కారున్నది సార్, సింగిల్ ఓనర్. మాల్ బండ్ల మేడంని కూసోబెడ్తే మంచిగుంటదా?"

"కారులో కూర్చోవాలంటే నన్ను ఎత్తాలి. మాల్ బండిలోకి నేనే వెళ్తాను. మాట నాతో మాట్లాడు బాబూ, కొనేది నేను" అంది సీత. మెడలో ఎప్పుడూ వేలాడే కొలత టేపు తీసింది. టేపు ఒక కొస నేలకు ఆన్చమని పట్టాభికి ఇచ్చి, రెండో కొస తన పాపిట దాకా లాగింది. "దీనికి నాలుగు వేళ్లు వదులు కలపండి. గతుకులుంటాయి."

ఆ తర్వాత పట్టాభి ఒక్కో వ్యాన్‌లోకీ దూరి లోపలి ఎత్తు కొలుస్తుంటే ఆమె కింద నుంచి తల అడ్డంగా ఊపుతూ పోయింది. అన్నిటికీ కప్పు తక్కువే. బ్రోకరుకు విసుగొచ్చి టీ తాగడానికి వెళ్లిపోయాడు. అప్పుడే యార్డు చివర గోడవారగా ఆమెకు ఒకటి కనిపించింది. రొట్టెల ట్రేలు నిలువుగా పేర్చడానికి వెనక ఎత్తుగా రేకుడబ్బా కట్టిన చిన్న బండి. పసుపు నంబరు ప్లేటు. రెండు పక్కలా పొగలు కక్కుతున్న బన్ను బొమ్మ, దాని మీద వంకర అక్షరాలతో 'సూర్యప్రభ బేకరీ' అని పేరు.

పట్టాభి లోపలికెళ్లి టేపు సాగదీశాడు. కప్పు తగల్లేదు. ఇంకా మిగిలింది. లోపల ఇంకా కమ్మటి రొట్టె వాసన ఉంది.

"ఇది" అంది సీత.

బ్రోకరు పరుగున వచ్చాడు. "మేడం, గిది సొంత బండి లెక్క రాయించుకోవాల్నంటే ఆఫీసుల పనున్నది. ఆఫీసోల్లంత సమ్మెల ఉన్నరు. పసుపు ప్లేటు తీసి తెల్ల ప్లేటు ఎయ్యాల్నంటే సమ్మె అయిపోవాలె."

"అప్పటిదాకా నేను రొట్టెనే అనుకో" అంది సీత. పట్టాభికి నవ్వాగలేదు. ఆమె మళ్లీ వెటకారంలో పడిందంటే ఇక భయం లేదు.

యార్డు పక్కనే అంజయ్య వెల్డింగ్ షెడ్డు. అతను బండి చుట్టూ తిరిగి, బీడీ ఆర్పి, నిదానంగా అడిగాడు. "ఏం కావాల్నో చెప్పమ్మా."

ఆమె మూడు చెప్పింది. వెనక తలుపు దగ్గర మడత పెట్టే రేకు వాలు. కుర్చీ కదలకుండా కొక్కేలు. డబ్బాకు ఒక పక్క కిటికీ, డ్రైవరు వీపు వెనక చిన్న గవాక్షం.

"గవాక్షం దేనికమ్మా?"

"ఆయన బండి ఎట్లా నడుపుతున్నారో చెప్పొద్దూ?"

అంజయ్య పట్టాభి వంక జాలిగా చూశాడు. "కిటికీ ఎంత ఎత్తుల పెట్టాలె?"

"నా కంటికి సరిగ్గా." సీత కుర్చీని డబ్బా పక్కకు తెచ్చి కూర్చుంది. అంజయ్య సుద్దముక్క తీసి, ఆమె కళ్లెదురుగా రేకు మీద గీత గీశాడు. బన్ను బొమ్మ సరిగ్గా మధ్యకు తెగింది.

రెండో రోజు వాలు సిద్ధమైంది. సీత చక్రాలు పట్టి పైకి తోసుకుంది. సగం దాకా వెళ్లి ఆగిపోయింది. చక్రాల మీద పట్టు సడలి కుర్చీ వెనక్కి జారింది. పట్టాభి చేతులు వాటంతట అవే ఆమె వీపు మీదికి వెళ్లాయి.

"చేతులు జేబులో పెట్టుకోండి" అంది తిరిగి చూడకుండా.

"పడిపోతావు."

"పడితే చెప్తాను."

అతను చేతులు ప్యాంటు జేబుల్లో కుక్కుకున్నాడు. లోపల పిడికిళ్లు బిగుసుకున్నాయి. కుర్చీ మెల్లగా నేల మీదికి జారి ఆగింది. సీత ఊపిరి పీల్చుకుని, వాలు కొలిచి, "అంజయ్యా, ఇది నిట్టనిలువుగా ఉంది. ఇంకో మూర అతకాలి" అంది.

"రేకు పొడుగైతే మడిస్తే తలుపు పడదమ్మా."

"రెండు మడతలు పెట్టు. కుచ్చిళ్లు పెట్టమూ?"

అంజయ్య తల గోక్కుని, ఇంకో బీడీ వెలిగించి, రెండు మడతల్లో చేశాడు. ఆ సాయంత్రం సీత ఒక్కతే పైకెక్కింది. లోపల కుర్చీ తిప్పుకుని, కొక్కేలు తగిలించుకుని, కొత్త కిటికీలోంచి బయటికి చూసింది. చెమటతో మొహం మెరుస్తోంది. పట్టాభి జేబుల్లోంచి చేతులు తీయడం మరిచిపోయి అలాగే చూస్తూ నిలబడ్డాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె ఇంత అందంగా కనిపించిన రోజు ఇంకోటి అతనికి గుర్తు రాలేదు.

*

మర్నాడు పొద్దున బండికి పూజ. ఇంట్లో పనికొచ్చే కిష్టమ్మ పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ తిప్పి, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టింది. తర్వాత ఒక క్షణం ఆలోచించి, ఇంకో రెండు నిమ్మకాయలు తెచ్చి సీత కుర్చీ పెద్ద చక్రాల కింద పెట్టింది.

"దీనికెందుకే?" అంది సీత.

"గిది బండి కాదా అమ్మా? అసలు బండి గిదే" అంది కిష్టమ్మ.

సీత గట్టిగా తోసింది. నిమ్మకాయలు చితికాయి. రసం చిమ్మి పట్టాభి తెల్ల ప్యాంటు మీద పడింది. ఆమె వాలు ఎక్కి లోపలికి వెళ్లింది, పట్టాభి తలుపులు వేసి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. గవాక్షంలోంచి మొదటి ఆజ్ఞ వెంటనే వచ్చింది. "క్లచ్ మీద కాలు తియ్యండి."

కొత్తపేట దాకా బాగానే వెళ్లారు. అక్కడ హైవే మొత్తం మూసేశారు. రోడ్డు మధ్యలో రాళ్లు పేర్చి పొయ్యిలు పెట్టారు. రోడ్డు మీదే వండుకు తినే నిరసన, వంటావార్పు. మగవాళ్లు కట్టెలు తెస్తున్నారు, ఆడవాళ్లు కూరగాయలు తరుగుతున్నారు, డప్పులు మోగుతున్నాయి. గులాబీ కండువా వేసుకున్న ఒక యువకుడు చెయ్యెత్తి బండి ఆపాడు. పసుపు ప్లేటు చూశాడు, సగం తెగిన బన్ను బొమ్మ చూశాడు.

"రోడ్డు బంద్ పెట్టి మేమీడ వండుకుంటుంటే మీరు రొట్టెలమ్ముకుంటరా సార్? ఎనకకు తిప్పున్రి."

"రొట్టెలు కాదు బాబూ" అన్నాడు పట్టాభి. గొంతులోని కోస్తా యాస తనకే వినిపించి ఇంకాస్త తడబడ్డాడు. "లోపల మా ఆవిడ ఉంది."

ఆ కుర్రాడు నమ్మకుండా పక్కకొచ్చి చూశాడు. కిటికీలో సరిగ్గా అతని ఎదురుగా సీత మొహం.

"నమస్తే" అంది సీత. "జాకెట్లు కత్తిరించడానికి పోతున్నాను. బతుకమ్మకు మీ అమ్మ వేసుకోవద్దూ?"

"ఎవలురా శ్రీకాంత్?" అంటూ పొయ్యి దగ్గర నుంచి ఒక పెద్దావిడ లేచింది. భారీ మనిషి. చెంగు బొడ్లో దోపి, చేతిలో పొడుగాటి గరిటె. పట్టాభి ఆమెను చూసి కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. అనంతమ్మ. తమ షాపున్న ముల్గి గది ఆమెదే, కిరాయి ఆమెకే కడతారు. కొత్తపేట పాతకాపులు, ఈ హైవే పడకముందు ఇక్కడ వాళ్ల వరిచేలుండేవి.

అనంతమ్మ బండిని పైనుంచి కింది దాకా చూసింది. "ఏంది సీతమ్మా, గిదేం బండి? మనుషులెక్కేది దొరకలేదా?"

"మనుషులెక్కేవాటిల్లో నన్ను ఎత్తి పడేస్తున్నారు పిన్నీ."

"మా పోరగాండ్లున్నరు గద. కుర్చీతోని సహా నిన్నెత్తి అవుతలికి చేరుస్తరు. ఆడ ఆటో మాట్లాడుకో."

శ్రీకాంత్ అప్పటికే ఇంకో ముగ్గుర్ని పిలిచాడు. "నలుగురం పట్టుకుంటం అక్కా, పూవోలె తీస్కపోతం."

"వద్దు" అంది సీత. గొంతు పెద్దది చేయలేదు. "నన్నెవరూ ఎత్తొద్దనే ఈ బండి కొన్నాను. మీ వంట ఎప్పుడయితే అప్పుడే పోతాను. ఇక్కడే కూర్చుంటాను."

శ్రీకాంత్ తన తల్లి అనంతమ్మ వైపు తిరిగాడు. ఆమె సీతను ఒక చూపు చూసి, "కూసోనీ. ఊకెందుకు కూసునుడు, గీ బెండకాయలు కోస్తవా?" అంది.

పట్టాభి తలుపులు తీశాడు. సీత వాలు మీదుగా తనే దిగింది. డప్పు కొట్టేవాళ్లు కూడా ఒక్క క్షణం ఆగి చూశారు. ఆమె వెళ్లి ఆడవాళ్ల పక్కన కుర్చీ ఆపి, ఒళ్లో పళ్లెం పెట్టుకుని బెండకాయలు తరగసాగింది. "ఆంధ్రోళ్ల చెయ్యి పడ్డది, ఇగ కూరల కారమే కారం" అని అనంతమ్మ అంటే, "మీ తెలంగాణ వచ్చాక కూడా ఈ చేతులతోనే మీకు జాకెట్లు కుట్టాలి పిన్నీ, కాస్త మర్యాదగా చూడండి" అంది సీత. ఆడవాళ్లు నవ్వారు. పట్టాభి బండికి ఆనుకుని నిలబడ్డాడు. పొద్దున్నుంచి పట్టుకున్న బెదురు కొంచెం కొంచెంగా వదిలింది.

అన్నం ఉడికింది. గంజి వార్చడానికి అనంతమ్మ గుండిగకు ఒక వైపు, ఇంకో ఆమె రెండో వైపు పట్టుకున్నారు. కాలి కింది రాయి జరిగింది. గుండిగ వాలి, మరిగే గంజి అనంతమ్మ రెండు పాదాల మీదా పడింది.

ఆమె పెద్దగా అరవలేదు. కూలబడిపోయింది. ఎవరో బిందెలతో చన్నీళ్లు తెచ్చి పోశారు. చీర మోకాళ్ల దాకా లాగాల్సి వచ్చింది. చుట్టూ మగవాళ్లు, డప్పులు, ఫోన్లలో ఫొటోలు తీసేవాళ్లు. శ్రీకాంత్, అతని స్నేహితులు ఉరికి వచ్చి చంకల కింద చేతులు వేశారు. "పట్టున్రి, దవాఖానకు ఎత్తుకపోదాం." లేపబోతే కాలిన పాదం నేలకు రాసుకుంది. పైట జారింది. అనంతమ్మ వాళ్ల చేతులు విదిలించి కొట్టింది. "ముట్టకున్రి. నన్నెవ్వలు ముట్టకున్రి. ఇంత మందిల గిట్ల మోస్తరార నన్ను?" అంది. ఆ మాటలో నొప్పి కంటే సిగ్గు ఎక్కువుంది.

పట్టాభికి ఆ గొంతు తెలుసు. ఇంట్లో ఎన్నోసార్లు విన్నాడు. అతను సీత వైపు చూశాడు. సీత ఒళ్లోని పళ్లెం అప్పటికే కింద పెట్టేసింది.

"శ్రీకాంత్" అని పిలిచింది. "మీ అమ్మను ఎత్తకండి. ఈ కుర్చీలో కూర్చోబెట్టండి. వాలు మీదుగా బండిలోకి తోసుకుపోవచ్చు. కాలు నేలకు తగలదు."

"మరి మీరక్కా?"

సీత చుట్టూ ఉన్న జనాన్ని చూసింది, ఎత్తుగా ఉన్న డ్రైవరు పక్క సీటును చూసింది.

"నన్ను ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టండి."

పట్టాభి కదల్లేకపోయాడు. ఏ మాట వినకూడదని ఆమె ఇంత బండి కొన్నదో, ఆ మాటను ఆమె తన నోటితో అంది. జేబుల్లో పెట్టుకున్న చేతులు అలాగే ఉండిపోయాయి.

"ఏవండీ, చేతులు జేబుల్లోంచి తియ్యండి" అంది సీత. తర్వాత అందరికీ వినపడేలా చెప్పుకుపోయింది. "చంకల కింద ఎవరూ పట్టుకోవద్దు. ఏవండీ, ఒక చెయ్యి నా నడుం వెనక, ఒకటి మోకాళ్ల కింద. శ్రీకాంత్, నువ్వు అటు నుంచి అలాగే. అమ్మాయ్, చీర కుచ్చిళ్లు రెండు చేతులా పట్టుకో, పైకి పోకుండా. నేను ఊఁ అన్నాక ఎత్తండి."

అందరూ ఆమె మొహం చూస్తూ నిలబడ్డారు.

"ఊఁ."

లేచింది. చీర అంగుళం జరగలేదు. ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. ఆడవాళ్లు అనంతమ్మ చుట్టూ చీరలు అడ్డం పట్టి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, చెంగు మోకాళ్ల మీద కప్పారు. శ్రీకాంత్ తల్లిని వాలు మీదుగా నెమ్మదిగా పైకి తోసి, తనూ లోపల కూర్చున్నాడు. పొయ్యిల రాళ్లు పక్కకు జరిగాయి, జనం కూర్చున్న తివాచీలు మడతపడ్డాయి, హైవే మధ్యలో దారి తెరుచుకుంది. డప్పులు ఆపేసి జనం రెండు పక్కలా నిలబడ్డారు. రొట్టెల బండి మధ్యలోంచి వెళ్లింది.

పట్టాభి ఎప్పుడూ లేనంత నిదానంగా నడిపాడు. ఎంతో కాలం తర్వాత సీత అతని పక్కన కూర్చుంది. కొంత దూరం పోయాక వెనక గవాక్షంలోంచి అనంతమ్మ గొంతు సన్నగా వినిపించింది.

"సీతమ్మా, గీ కిటికీ ఎవలు పెట్టమన్నరు?"

"నేనే పిన్నీ."

"సక్కగ కండ్లకాడికే పెట్టినవ్."

దవాఖానలో కట్టు కట్టి, అనంతమ్మను మంచం మీద పడుకోబెట్టాక శ్రీకాంత్ ఖాళీ కుర్చీ తెచ్చి బండిలో ఎక్కించాడు. కొక్కేలు తనే తగిలించాడు. ముందు సీట్లో ఉన్న సీత పక్కకి వచ్చి రెండు చేతులూ జోడించాడు.

"మీ అమ్మ జాకెట్టు రేపటికి అయిపోతుందని చెప్పు" అంది సీత.

పట్టాభి ఆమె వైపు తలుపు దగ్గరికి వెళ్లాడు. "వెనక్కి మారతావా?"

"వద్దు. ఇక్కడి నుంచి రోడ్డంతా కనిపిస్తోంది. షాపు దాకా ఇలాగే పోదాం."

దిల్‌సుఖ్‌నగర్ సందులో బండి ఆగింది. అరుణ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పట్టాభి కుర్చీ దింపి, తెచ్చి, బ్రేకు నొక్కి, ముందు తలుపు తీశాడు. ఈసారి అతను ఎవరి భుజాల కోసమూ చూడలేదు. ఎవరూ పిలవకుండానే పాన్‌డబ్బా అతను సున్నం చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చేశాడు. చేతులు ముందుకు చాచాడు కూడా.

పట్టాభి అడ్డంగా చెయ్యి పెట్టాడు. "ఆగవయ్యా. ముందు ఆవిణ్ణి అడగాలి."

అడిగాడు. "ఎత్తమంటావా సీతా?"

సీత ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. బట్ట చూసి ఎన్ని మూరలు పడుతుందో చెప్పేటప్పుడు ఆమె చూపు అలాగే ఉంటుంది.

"మీరొక్కరు చాలు" అంది భర్తతో. తర్వాత పాన్‌డబ్బా అతని వైపు తిరిగింది. "నువ్వు కుర్చీ పట్టుకో తమ్ముడూ, కదలకుండా."

అతను వంగి, రెండు చేతులతో కుర్చీ గట్టిగా పట్టుకుని, ఆమె ఊఁ అనేదాకా అలాగే నిలబడ్డాడు.